గొప్ప అవధాని అని రాసేశాక

నవలలో ఒక మనిషిని గొప్పవాడు అనడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం రాస్తున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. తర్వాత ఆ మనిషి నోరు విప్పాలి, లేచి ఏదో ఒకటి చెయ్యాలి. అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

నేను రాస్తున్న నవల 1980ల్లో, గోదావరి కాలవ పక్కన ఉన్న ఒక చిన్న ఊళ్లో జరుగుతుంది. లాకులు, సత్రం, మునసబు కోర్టు, రైసుమిల్లు ఉన్న ఊరు. సోమయాజులు గారు అష్టావధాని. వీర్రాజు ప్లీడరు గుమాస్తా, ఊళ్లో అతనంత తెలివైనవాడు లేడని పేరు. సుందరమ్మ గారి చేతివంట కోసం పక్క ఊళ్ల నుంచి కబురు పెడతారు. డాక్టరు గారు ధర్మాత్ముడు. రాజ్యం అందగత్తె. మొదటి ప్రతిలో ఇలా అందరికీ నేనే సర్టిఫికెట్లు రాసి చేతిలో పెట్టాను.

ఆ ప్రతిని మా తోటికోడలికి ఇచ్చాను. తను సాహిత్యం చదువుకున్న మనిషి కాదు, వారపత్రికల్లో సీరియల్స్ చదువుతూ పెరిగిన మనిషి. బోరు కొడితే మొహమాటం లేకుండా పక్కన పడేస్తుంది. అందుకే ఏది రాసినా ముందు తనకే ఇస్తాను. కాగితాలు తిరిగొచ్చేసరికి మార్జిన్‌లో చాలా చోట్ల పెన్సిల్‌తో ఒకటే మాట ఉంది: "ఏదీ?" సోమయాజులు గారు అద్భుతమైన పద్యంతో సభను కట్టిపడేశారు అన్న చోట "ఏదీ?" వీర్రాజు ఎంత చిక్కు కేసునైనా చిటికెలో విప్పుతాడు అన్న చోట "ఏదీ?" అప్రస్తుత ప్రసంగంలో అవధాని గారి చమత్కారానికి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు అన్న చోట అయితే మాటకి కింద రెండు గీతలు కూడా గీసింది.

"నువ్వు చెప్పావు కాబట్టి నమ్మమంటావా అక్కా?" అంది.

నమ్మమనే అంటున్నాను మరి. పాత్ర గురించి రచయిత చెప్పే మాటని పాఠకులు మొదట నమ్మేస్తారు కూడా. ఆ నమ్మకం కొన్ని పేజీలే నిలుస్తుంది. ఆలోగా పాత్ర ఆ మాటకి తగ్గ పని ఒకటి చెయ్యకపోతే, అబద్ధం ఆడింది పాత్ర కాదు, రచయితే అనుకుంటారు.

అందరిలోకీ నన్ను ఎక్కువ ఏడిపించింది సోమయాజులు గారే. అవధానం అంటే ఏమిటో తెలియని ఊరైతే ఎలాగో దాటేసేదాన్ని. కానీ కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారూ, ఆయన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి గారూ ఊరూరా తిరిగి అవధానాన్ని జనంలోకి తెచ్చిన జిల్లాలివి. ఇప్పటికీ అవధానాలు జరుగుతూనే ఉన్నాయి, అమెరికాలో మనవాళ్లు కూడా చేయిస్తున్నారు. యూట్యూబ్‌లో గంటలకొద్దీ ఉన్నాయి. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, కూర్చుని ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది (ఇచ్చిన మాటల్ని పద్యంలో ఇమడ్చాలి), ఒకరు వర్ణన ఇలా తలో పక్కనుంచీ లాగుతుంటే, ఆ మధ్యలో ఒకాయన అప్రస్తుత ప్రసంగం పేరుతో అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తుంటే, అవధాని ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తి చేసి, చివర అన్నీ వరసగా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. ఇదంతా కళ్లారా చూసిన పాఠకుడికి "అద్భుతమైన పద్యం చెప్పారు" అంటే ఏం ఆనుతుంది?

అంటే పద్యం నేను రాయాలి. నాకు వచ్చిన ఛందస్సు హైస్కూల్లో గురువులూ లఘువులూ గుర్తించడం వరకే. కందానికి ప్రాస నియమం కూడా ఉంటుంది కాబట్టి దాని జోలికి పోలేదు. ఆటవెలది పట్టుకున్నాను. ఒకటో పాదంలోనూ మూడో పాదంలోనూ మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో దాంట్లో, నాలుగో దాంట్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస బాధ లేదు. మా వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. ఆయన చూసి పెడతానన్నారు, "కానీ నేను రాసివ్వను సుమా" అని ముందే చెప్పేశారు.

ముందు సమస్య కావాలి. సమస్య అంటే వినగానే అర్థం లేనట్టో, అసంబద్ధంగానో ఉండే పాదం. మిగతా మూడు పాదాలూ చేర్చి దాన్ని సమంజసం చెయ్యాలి. చాలా కాగితాలు ఖరాబు చేశాక ఇది కుదిరింది:

నీట మునిగి చేప నింగి కేగె.

నీళ్లలో మునిగి చేప ఆకాశానికి పోయిందట. చేప నీళ్లలో మునగడం ఏమిటి, చచ్చి పైకి పోవడం ఏమిటి! వినడానికి బాగానే ఉంది. పూరణ కూడా కొంచెం కుస్తీ పడితే వచ్చేసింది:

వేదచోరు గూల్చి వేధకు జదువిచ్చి
విశ్వమెల్ల గాచె వెన్నుడపుడు
మేటి కార్యమట్లు మెచ్చగా దివిజులు
నీట మునిగి చేప నింగి కేగె

మత్స్యావతారం. సముద్రంలో మునిగి, వేదాలు దొంగిలించిన సోమకాసురుణ్ణి చంపి, వాటిని బ్రహ్మకిచ్చి, దేవతలు మెచ్చుకుంటుండగా పైకి వెళ్లిపోయిన చేప. గణాలు సరిపోయాయి, యతులు కుదిరాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కాగితం పట్టుకుని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మాస్టారి దగ్గరికి వెళ్లాను.

ఆయన వేళ్ల మీద గణాలు లెక్కపెట్టుకుని, "తప్పు లేదమ్మా" అన్నారు. కాసేపాగి, "సోమయాజులు గారు మహా అవధాని అని రాశావు కదూ?" అని అడిగారు. అవునన్నాను. "చేప అనగానే మత్స్యావతారం ఎవడికైనా తడుతుంది. సమస్య ఇచ్చినవాడికి ముందే తట్టి ఉంటుంది. వాడు మనసులో అనుకున్నదే ఈయనా చెబితే, మంచి అవధాని అను, ఒప్పుకుంటాను. మహా అవధాని అంటే ఎలా?"

తప్పు లేని పద్యానికీ గొప్ప పద్యానికీ మధ్య ఇంత దూరం ఉందని అంతవరకూ నేను లెక్కవెయ్యలేదు. పాత్రకి నేను పెట్టిన విశేషణం ఎంత పెద్దదైతే రుజువు కూడా అంత పెద్దదిగా ఉండాలి. లేదా విశేషణం తగ్గించుకోవాలి. తగ్గించుకుందామా అని కూడా అనుకున్నాను. కానీ కథంతా ఆయన గొప్పతనం మీదే నడుస్తుంది. ఆయన మామూలు అవధాని అయితే, రెండో భాగంలో ఆయన పద్యం మానేసినప్పుడు ఊరు బాధపడడానికి కారణమే ఉండదు.

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. సోమయాజులు గారికి పాదానికి అర నిమిషం. నాకు ఎన్ని రోజులైనా పడుతుంది, ఎవరు అడ్డొచ్చారు? పాఠకుడు చూసేది ఆయన అర నిమిషాన్నే. రచయిత తనకంటే తెలివైన మనిషిని సృష్టించడానికి ఉన్న ఒకే ఒక దారి బహుశా ఇదే. తీరిగ్గా, గది తలుపు వేసుకుని, పదిమందిని అడిగి, కొట్టేసి, మళ్లీ రాసి, పాత్ర చేత మాత్రం ఠక్కున అనిపించడం. ఇందులో మోసం ఏమైనా ఉందేమో కానీ, ఈ వృత్తికి ఆ మోసం చెల్లుతుంది.

పూరణ మాత్రం గది తలుపులు వేసుకుంటే రాలేదు. సోమయాజులు గారు మొదటి అధ్యాయంలో రోజూ తెల్లవారుజామున కాలవలో స్నానం చేసి గట్టు మీద సంధ్యావందనం చేసుకుంటారు. ఆ అధ్యాయం కోసం నేను కాలవ గట్టు మీద కూర్చుని రాసుకున్న నోట్సు తిరగేస్తుంటే అందులో లకుముకి పిట్ట కనిపించింది. నలుపూ తెలుపూ కలిసిన లకుముకి నీళ్ల మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. ఉన్నట్టుండి తలకిందులుగా రాయిలా పడి, ముక్కున చేపతో లేచిపోతుంది. ఇంకేం కావాలి? నీట మునిగిన చేప నింగికి పోయింది. అవతారాలూ అక్కర్లేదు, పురాణాలూ అక్కర్లేదు.

నీడ జూచి బెదరి నేర్పున దాగినన్
లకుముకి దిగివచ్చి లాగి పట్టె
వాడి ముక్కు నడుమ వాలము నాడించి
నీట మునిగి చేప నింగి కేగె

పిట్ట నీడ చూసి బెదిరిన చేప నీళ్లలో దాక్కుంది. అయినా తప్పలేదు. మాస్టారు ఈసారి గణాలు లెక్కపెట్టకముందే "వాలము నాడించి" దగ్గర నవ్వారు. ఆ నవ్వు నాకు చాలు.

ఈ పద్యం వచ్చాక సన్నివేశం తనంతట తనే మారిపోయింది. అవధానంలో పాదాలు ఒక్కో ఆవృత్తిలో ఒక్కొక్కటే వస్తాయి కదా. "నీడ జూచి బెదరి నేర్పున దాగినన్" అని మొదటి పాదం చెప్పి సోమయాజులు గారు పక్క పృచ్ఛకుడి వైపు తిరిగిపోతారు. విష్ణువు ఎక్కడ, సోమకుడు ఎక్కడ? సభలో పద్యం తెలిసినవాళ్లు తలలు గోక్కుంటారు. రెండో ఆవృత్తిలో లకుముకి దిగేదాకా ఎవరికీ అంతుపట్టదు. ఇది నేను పెట్టిన సస్పెన్సు కాదు, ప్రక్రియలోనే ఉంది, నేను వాడుకున్నాను. నా మత్స్యావతారం పద్యాన్ని కూడా పారెయ్యలేదు. సమస్య ఇచ్చిన కుర్ర పండితుడు చివర్లో, "నేను ఇలా పూరిస్తారనుకున్నానండీ" అని దాన్నే చదువుతాడు. రెండూ పక్కపక్కన పడేసరికి ఎవరు ఎంతటివారో నేను చెప్పాల్సిన పని తప్పింది. సభంతా చప్పట్లతో మారుమోగింది అన్న వాక్యం కొట్టేశాను. పద్యాలు రాసుకునే లేఖకుడు మూడో పాదం దగ్గర కలం ఆపి అవధాని గారి మొహం వైపు చూశాడు అన్నది మాత్రం ఉంచాను.

నిషిద్ధాక్షరికి వేరే ఇబ్బంది. అక్కడ అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏది రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. రెండు వైపులా నేనే ఆడితే నాకు అనుకూలంగానే నిషేధిస్తాను. అందుకని మాస్టారిని పృచ్ఛకుడిగా కూర్చోబెట్టాను. నేను "శ్రీ" అన్నాను. రాముడొస్తాడని ఆయన "ర" నిషేధించారు. "వి" అన్నాను. విష్ణువు వస్తాడని "ష" నిషేధించారు. "ద్యా" అనేసి ఊపిరి పీల్చుకున్నాను. శ్రీవిద్య దొరికింది. ఆ తర్వాత నాలుగక్షరాలకే చేతులెత్తేశాననుకోండి. నవలలోకి ఆ మూడు అక్షరాలే వెళ్లాయి. అదే మేలైంది, పద్యమంతా అలా సాగదీస్తే మా తోటికోడలు కాగితాలు పక్కన పడేసేది. రుజువు కావాలి కానీ పరీక్ష పేపరంతా అక్కర్లేదు. ఒక చోట పూర్తిగా చూపిస్తే, మిగతా ఏడు చోట్లా పాఠకులు మన మాట మీద నమ్ముతారు.

ఇక రెండు గీతలు గీసిన హాస్యం. పాత్ర హాస్యప్రియుడు అని రాయడమంత ప్రమాదం ఇంకోటి లేదు. పద్యం బాగుందో లేదో తెలియని పాఠకుడు ఉండొచ్చు, నవ్వొచ్చిందో లేదో తెలియని పాఠకుడు ఉండడు. అప్రస్తుత ప్రసంగం పృచ్ఛకుడు, "మీ ఇంట్లో కూడా నిషిద్ధాక్షరి ఉంటుందాండీ?" అని అడిగితే, సోమయాజులు గారు "మా ఆవిడ అనుమతించిన అక్షరం ఒక్కటేనండీ, 'ఊ'" అంటారు. ఇది నాకు బాగా నచ్చింది. మా ఆయన కూడా నవ్వారు. తోటికోడలు మాత్రం పెదవి విరిచి, "పెళ్లాం మీద జోకు ఎవరైనా వేస్తారక్కా. మీ అవధాని గారే వెయ్యగలిగింది కావాలి" అంది. మాస్టారి మాటే ఇది, వేరే నోటితో.

ఆయనే వెయ్యగలిగిన జోకు అంటే ఆ సభలోంచి, ఆ నిమిషంలోంచి రావాలి. మళ్లీ కూర్చున్నాను. ఇప్పుడు నవలలో ఉన్నది ఇది. పృచ్ఛకుడు అడుగుతాడు: "అవధాని గారూ, సభయ్యాక భోజనంలో గారెలు పెట్టమంటారా, బూరెలు పెట్టమంటారా?" ఆయన నిషిద్ధాక్షరి మధ్యలోంచి తల తిప్పకుండానే, "రెండూ దత్తపదికి ఇస్తే పద్యంలో పెడతాను. విస్తట్లో వేస్తే పొట్టలో పెడతాను. ఇలా అప్రస్తుతంలో ఇస్తే నేనెక్కడ పెట్టను బాబూ?" అంటారు. తోటికోడలు పెన్సిల్ తియ్యలేదు.

ధారణ గురించి పెద్దగా కష్టపడలేదు. చివర అన్నీ అప్పజెప్పారని రాస్తే సరిపోయింది, ఎందుకంటే అదే అధ్యాయంలో ఆయన గొడుగు సత్రంలో మరిచిపోయి ఇంటికి తడుస్తూ వెళతారు. ఆ గొడుగు ఉంటేనే ఆ ధారణ నమ్మాలనిపిస్తుంది. ఎందుకో నేను వివరించలేను.

వీర్రాజు దగ్గర సమస్య ఇంకో రకం. ప్లీడరు గుమాస్తాని తెలివైనవాడిగా చూపించాలంటే చట్టం తెలిసినట్టు చూపిస్తే చాలనుకున్నాను. ఊళ్లో రిటైరైన నర్సమ్మ ఒకావిడ రైసుమిల్లు యజమానికి రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చింది. ప్రోనోటు ఉంది. అతను ఇదిగో అదిగో అంటూ మూడేళ్లు గడిపేస్తున్నాడు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లు దాటితే దావా వెయ్యడానికి ఉండదు. నోటుకి కాలం చెల్లిపోతుంది. ఇంకా కొద్ది రోజులే గడువు. దావా వెయ్యాలంటే కోర్టు ఫీజు కట్టాలి, నర్సమ్మ చేతిలో డబ్బు లేదు. అప్పుడు వీర్రాజు బూజుపట్టిన చట్టం పుస్తకం తీసి, బాకీలో కొంత ముట్టినట్టు అప్పు తీసుకున్నవాడి చేత గడువులోగా సంతకంతో రాయిస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయని కనిపెడతాడు.

మా తమ్ముడి స్నేహితుడు లాయరు. అతనికి చదివి వినిపిస్తే జాలిగా చూశాడు. "అక్కా, దీన్ని నోటు వెనక చెల్లు వెయ్యడం అంటారు. కోర్టు ముందు టీ కొట్టువాడికి కూడా తెలుసు. దీనికి పుస్తకం దేనికి?" అన్నాడు. పోనీ కష్టం ఎక్కడుందని అడిగాను. "చట్టం దగ్గర ఏముంది? ఆ మిల్లాయన చేత సంతకం పెట్టించడం దగ్గర ఉంది. అతనికీ తెలుసుగా, చెల్లు వేస్తే తను మూడేళ్లు ఇరుక్కుంటాడని."

ఆ మాటతో వీర్రాజు నాకు అర్థమయ్యాడు. చట్టం తెలియడం చదువు. ఎదుటి మనిషి తెలియడం తెలివి. దొంగలు పెరట్లో నక్కారని తెలిసి, నగలపెట్టె బావిలో పడేస్తున్నానని పెళ్లాంతో గట్టిగా చెప్పి, వాళ్ల చేత రాత్రంతా నీళ్లు తోడించి తోట తడిపించుకున్న తెనాలి రామకృష్ణుడి కథలో ఆయన తెలివైనవాడని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన వాడుకున్నది దొంగల ఆశని. మిల్లు యజమాని దగ్గర వాడుకోవడానికి ఏముంది? పరువు. నలుగురిలో చిన్నబోవడం అంటే ప్రాణం పోతుంది అతనికి.

వీర్రాజు సంతరోజు మిల్లు అరుగు దగ్గరికి, జనం బాగా ఉన్నప్పుడు వెళతాడు. చేతులు కట్టుకుని, "అయ్యా, నర్సమ్మ నోటు మీద మీరు ఒక్క రూపాయి కూడా జమ చెయ్యలేదని బజార్లో అనుకుంటున్నారండి. అయ్యగారి దగ్గర అయిదొందలకి కూడా కటకటా అని నేను పోట్లాడొచ్చాను" అంటాడు. మిల్లు యజమాని మొహం ఎర్రబడుతుంది. గల్లాపెట్టెలోంచి అయిదొందలు తీసి విసురుతాడు. ఇక్కడితో ఆగితే చెల్లు లేదు. వీర్రాజు నోట్లు ఏరుకుంటూ గొంతు తగ్గించి, "ఆడమనిషండి, రేపు ముట్టలేదంటే మీరేం చేస్తారు? నా దగ్గర నోటుంది, వెనకాల అయిదొందలు ఇచ్చినట్టు రాసి మీ సంతకం పారెయ్యండి. మీకే భద్రం" అంటాడు. నర్సమ్మ నాలుక మీద అనుమానంతో, తన భద్రత కోసం, మిల్లు యజమాని తన చేత్తో తనే రాసి సంతకం పెడతాడు.

లాయరు కుర్రాడు ఇది విని, "మా సీనియర్ దగ్గర ఇలాంటి గుమాస్తా ఉంటే బాగుండేది" అన్నాడు. "వీర్రాజు తెలివైనవాడు" అన్న వాక్యం నవలలో ఎక్కడా మిగల్లేదు. మిల్లు యజమాని మాత్రం ఆఖరిదాకా అతన్ని వెర్రిబాగులవాడనే అనుకుంటాడు. ఒక పాత్ర గురించి ఇంకో పాత్ర ఎంత తప్పుగా చెప్పినా ఫర్వాలేదు, అది ఆ చెప్పినవాడి గురించి మనకి తెలియజేస్తుంది. కథ చెప్పే నా గొంతుకి ఆ వెసులుబాటు లేదు.

సుందరమ్మ గారితో ఇంత పేచీ లేదు. మొదట "ఘుమఘుమలు", "కమ్మదనం", "లొట్టలు" అన్నీ వాడేశాను. అవి ఏ హోటలు బోర్డు మీదైనా ఉంటాయి. తర్వాత మా అమ్మమ్మ మడి వంట గుర్తొచ్చింది. నైవేద్యం పెట్టేదాకా రుచి చూడకూడదు కదా, ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? వాసన. ఇప్పుడు సుందరమ్మ గారు సత్రం వంటింటి గుమ్మం దాటుతూనే, పొయ్యి మీద మరుగుతున్న పులుసు వైపు చూడకుండానే, "ఉప్పెయ్యలేదేమే?" అంటుంది. కోడలు నాలిక్కరుచుకుంటుంది. అంతే.

డాక్టరు గారు పేదలకి ఉచితంగా వైద్యం చేస్తాడని రాశాను. "ఆస్తి ఉన్నవాడు, ఫీజు తీసుకోకపోతే ఏం పోయింది?" అని తోటికోడలి తీర్పు. మంచితనానికి ఖర్చు ఉండాలి, ఆ ఖర్చు ఆయనకి నొప్పి పుట్టించాలి. అలాంటి లెక్క భారతంలో ఎంత కచ్చితంగా ఉందో అప్పుడే గమనించాను. ధర్మరాజు సత్యసంధుడు అనడంతో ఊరుకోలేదు, ఆయన రథం నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచేదట. అశ్వత్థామ చచ్చాడని ద్రోణుడికి వినిపించి, ఏనుగు అన్న మాట వినిపించకుండా అన్న క్షణాన ఆ రథం నేలకి దిగిపోయింది. విశేషణానికి కొలత పెట్టి, తప్పితే ఆ కొలత కోసేశారు. నా డాక్టరు గారికి రథం లేదు. కూతురి పెళ్లి ఉంది, ఆ పెళ్లికి మిల్లు యజమాని సర్దుతానన్న డబ్బు ఉంది. కొట్లాట కేసులో లేని గాయానికి సర్టిఫికెట్ రాసివ్వమని అదే మిల్లు యజమాని అడుగుతాడు. ఆయన ఇవ్వడు. పెళ్లి వాయిదా పడుతుంది, కూతురు చాలా రోజులు ఆయనతో మాట్లాడదు. ధర్మాత్ముడు అన్న మాట ఇప్పుడు మిల్లు యజమాని నోట్లో వెటకారంగా వస్తుంది.

రాజ్యం అందాన్ని మాత్రం వదిలేశాను. కళ్లు, ముక్కు, జడ, రంగు వర్ణిస్తే పాఠకుడికి ఒక పట్టిక వస్తుంది, అందగత్తె రాదు. కండక్టరు ఆమెకి టిక్కెట్టు కొట్టి, చిల్లర వెనక సీటు ముసలాయన చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. ముసలాయన కూడా అవి తనవి కావని చెప్పడం మరిచిపోతాడు. అంతకంటే నాకు చేత కాలేదు. మా తోటికోడలు అక్కడ ఏమీ రాయలేదు కానీ, "ఎలా ఉంటుందో కొంచెం చెప్తే బాగుండేది" అంది. చెప్పను.

నవల ప్రెస్సుకి వెళ్లాల్సిన సమయం దగ్గరపడింది. అవధానం అధ్యాయంలో ఒక చోట మాత్రం ఇంకా ఖాళీ ఉంది. మాస్టారు ఉత్సాహంగా, "దత్తపది కూడా పూర్తిగా ఉంటే ఆయనకి నిండుగా ఉంటుందమ్మా" అని ఆశపెట్టి, నాలుగు మాటలు ఆయనే ఇచ్చారు: కారు, లారీ, జీపు, బస్సు. వీటిని వాటి అర్థంలో వాడకుండా శ్రీకృష్ణ రాయబారం మీద పద్యం చెప్పాలి. "వారు మనవారు కారు" అంటే కారు వచ్చేసింది. "ఏలా రీతి పలికెదవు" అంటే లారీ. "రాజీ పుట్టదు" అంటే జీపు వచ్చింది కానీ, రాయబారంలో రాజీ అనే ఉర్దూ మాట ఏమిటని మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశారు. చూడనివ్వండి, అది తర్వాత సంగతి. బస్సే ఎక్కడా ఇమడడం లేదు. తపస్సు దాకా వచ్చి ఆగిపోతోంది.

నిన్న సాయంత్రం మళ్లీ ఆయన అరుగు మీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటుంటే మాస్టారు కాఫీ గ్లాసు అందిస్తూ అన్నారు: "నీ సోమయాజులు గారు ఈపాటికి ధారణ కూడా ముగించి, గారెల దగ్గర ఉండేవాడమ్మా."